హాస్టల్‌లో ఇంటర్ చదివే పిల్లల మనసు బాగోకపోతే ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు

పదో తరగతి ఫలితాలొచ్చిన కొద్ది వారాలకే ట్రంకు పెట్టె, పరుపు, బకెట్టుతో పిల్లలు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో దిగుతారు. అప్పటికి వాళ్లకు పదిహేనేళ్లు, మహా అయితే పదహారు. ఆ తర్వాత రెండేళ్లు ఇంటికీ వాళ్లకీ మధ్య ఉండేది వారానికో ఫోను, నెలకో ఔటింగు, దసరా సంక్రాంతి సెలవులు. పిల్లల మనసు కనిపెట్టుకుని ఉండాలన్నా, చెదిరినప్పుడు ఆదుకోవాలన్నా ఈ కాస్త వ్యవధిలోనే జరగాలి. రోజూ ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చే పిల్లలకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. ఇబ్బంది మాత్రం హాస్టల్ పిల్లలతోనే ఎక్కువ. మొహం వాడిందని గుర్తుపట్టేవాళ్లు అక్కడ ఉండరు.

ఆదివారం ఫోను

చాలా ఇళ్లలో ఆ ఫోను ఇలా నడుస్తుంది: "తిన్నావా? వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది? ర్యాంకు ఎందుకు పడింది? సరే, బాగా చదువు." మార్కులు శనివారమే నాన్న ఫోనుకు మెసేజ్‌గా వచ్చి ఉంటాయి. అంటే తెలియక అడగడం లేదు, సంజాయిషీ కోసం అడుగుతున్నారు. పిల్లలు దీన్ని రెండు మూడు వారాల్లోనే పసిగడతారు. ఇది మార్కుల ఫోను అని తేలిపోయాక ఏది అడిగినా "అంతా బానే ఉంది" అనే చెబుతారు. రేపు నిజంగా ఏదైనా జరిగినా నోట వచ్చేది ఆ మాటే.

కాబట్టి మొదటి మార్పు ఇక్కడే. ఫోనులో మొదటి అయిదు నిమిషాలు చదువు ఊసు ఎత్తకండి. "ఊ", "ఆ" అని తప్పించుకోలేని చిన్న ప్రశ్నలు వేయండి. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాన్నా, పొద్దున ఎన్నింటికి లేపారు?" "ఈ వారం మెస్‌లో ఏ కూర అసలు నోట పెట్టలేకపోయావు?" "పక్క మంచం కుర్రాడు ఇంకా గురక పెడుతున్నాడా?" ఇలా అడగాలంటే రూమ్మేట్ల పేర్లు, వాళ్లది ఏ ఊరో మీకు తెలియాలి. చేర్పించిన రోజే ఒక కాగితం మీద రాసుకుని ఫోను దగ్గర పెట్టుకోండి. మూడు వారాలుగా ఒక్క స్నేహితుడి పేరూ పిల్లవాడి నోట రాలేదంటే అదే మీకు ఒక సమాచారం.

స్పీకర్ ఆన్ చేసి అమ్మమ్మ, బాబాయి, పక్కింటి ఆంటీ అందరూ చుట్టూ కూర్చుని మాట్లాడితే ఆ పిల్ల ఏమీ చెప్పదు. అమ్మ విడిగా, నాన్న విడిగా మాట్లాడాలి. అటువైపు సంగతి కూడా గుర్తుంచుకోండి. వార్డెన్ ఫోను నుంచి మాట్లాడుతుంటే వెనక క్యూలో పదిమంది నిలబడి ఉంటారు. మనసులో మాట అక్కడ చెప్పడం కుదరదు. అందుకే హాస్టల్‌కు పంపే ముందే ఒక సంకేతం అనుకోండి. ఉదాహరణకు "తాతయ్య కళ్లజోడు మార్చారా?" అని అడిగితే, "నేను బాగా లేను, వచ్చి నన్ను చూడండి" అని అర్థం. ఆ మాట వినపడితే అదే రోజు, లేదా మర్నాడు పొద్దున బయల్దేరాలి. "వచ్చే వారం ఔటింగే కదా, అప్పుడు చూద్దాం" అన్నారంటే ఆ సంకేతం మళ్లీ మీ చెవిన పడదు.

చేరిన మొదటి మూడు నాలుగు వారాలు "ఇంటికొచ్చేస్తా" అని ఏడవడం మామూలే. వెంటనే బ్యాగు సర్దించి తీసుకురావడం, "నీ కోసం పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టాం" అని గద్దించడం రెండూ వద్దు. వెళ్లి ఓ పూట కూర్చుని, ఇష్టమైనది తినిపించి రండి. రోజులు గడిచేకొద్దీ ఏడుపు తగ్గుతూ రావాలి. నెల దాటినా తగ్గకపోయినా, తిండి మానేసినా, మాట తగ్గిపోయినా అది ఇంటి మీద బెంగ ఒక్కటే కాదు. తాకట్టు మాట మాత్రం ఎప్పుడూ అనకండి. అప్పు లెక్క చెబితే బాధ్యత తెలుస్తుందని పెద్దవాళ్ల ఉద్దేశం. కుంగిపోయిన పిల్లకు మాత్రం అది "నేను ఈ ఇంటికి భారం" అని వినపడుతుంది. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనల్లో ఇది చాలా తరచుగా ఉండే మాట.

ఏది మామూలు, ఏది కాదు

ఒక టెస్టు పోతే రెండు రోజులు మొహం మాడ్చుకోవడం, తలుపేసుకోవడం, అమ్మ మీద విసుక్కోవడం ఈ వయసులో ఉన్నవే. డాక్టర్లు చూసేది రెండు విషయాలు. ఆ మార్పు దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు పైగా ఉందా? దానివల్ల తిండి, నిద్ర, చదువు, స్నేహాలు దెబ్బతింటున్నాయా? పోల్చాల్సింది పక్కింటి పిల్లతో కాదు, ఆర్నెల్ల క్రితం మీ పిల్ల ఎలా ఉండేదో దానితో. ఎప్పుడూ వాగుడుకాయలా ఉండేది నోరు మెదపకపోతే అది మార్పు. మొదటి నుంచీ మితభాషి అయిన పిల్లాడు మౌనంగా ఉంటే కాదు.

టీనేజీలో డిప్రెషన్ ఎప్పుడూ ఏడుపుగానే కనిపించదు. చీటికీమాటికీ చిరాకు, కోపంగా బయటపడుతుంది. దాన్ని "పొగరు" అనుకుని దెబ్బ వేసేవాళ్లు ఉన్నారు. ఇంకొందరిలో అది ఒంటి నొప్పిగా వస్తుంది. తలనొప్పి, కడుపునొప్పి, ఆయాసం, గుండెదడ. స్కానింగ్ చేయిస్తే ఏమీ ఉండదు, "నాటకాలు" అన్న ముద్ర మాత్రం పడుతుంది. నొప్పి నిజమే, మూలం వేరే చోట ఉంది.

ఎక్కువమంది బోల్తా పడేది మార్కుల దగ్గర. మార్కులు తగ్గడం వల్ల పిల్లాడు కుంగిపోయాడని అనుకుంటారు. చాలాసార్లు జరిగేది తిరగబడి ఉంటుంది. డిప్రెషన్‌లో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి ముందే దెబ్బతింటాయి. ఒకే పేజీ నాలుగుసార్లు చదివినా తలకెక్కదు. మార్కులు పడతాయి. ఇంట్లోవాళ్లు ఫోను లాక్కుని, ఇంకో ట్యూషన్ పెట్టి, ఆటలు మాన్పిస్తారు. ఉన్న కాస్త ఊరటా పోయి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. బాగా చదివే పిల్లల మార్కులు కారణం లేకుండా రెండు నెలలు వరసగా పడుతుంటే ట్యూషన్ మాస్టారి కంటే ముందు డాక్టర్ని కలవండి.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఫోనులో కనపడనివి కనపడతాయి. బట్టలు వదులయ్యాయా, వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పడం లేదా (చేతి మీద కోతలు దాచడానికి అలా చేస్తారు), వచ్చిన స్నేహితులను కూడా "లేనని చెప్పమ్మా" అంటున్నాడా చూడండి. నిద్ర మాత్రం తొందరపడి లెక్కలోకి తీసుకోకండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, పొద్దున అయిదింటికి గంట కొట్టే చోట ఆరే దక్కుతాయి. పైగా ఈ వయసులో నిద్ర ముంచుకొచ్చే వేళే ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది. సంక్రాంతికి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు పదింటి దాకా పడుకుంటే అది బాకీ తీర్చుకోవడం, వదిలేయండి. వారం గడిచినా పగలంతా మంచం దిగకపోతే, లేదా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదంటే అది వేరు.

మాట కదిపే తీరు

ఎదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే ఏ పిల్లాడైనా ముడుచుకుపోతాడు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, రాత్రి లైటు ఆర్పాక, అంటే కళ్లలో కళ్లు పెట్టి చూడక్కర్లేని వేళల్లో నోరు పెగులుతుంది. చూసింది చూసినట్టు చెప్పండి. పేరు పెట్టకండి. "డల్‌గా ఉంటున్నావేంటి?" అంటే నింద. "మొన్న వచ్చినప్పటి నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదురా, క్రికెట్‌కి కూడా పోలేదు. ఏదో బాధ పెడుతోందనిపించింది" అంటే వాడికి జవాబు చెప్పే దారి దొరుకుతుంది. ఇక ఆగండి. పదిహేను ఇరవై సెకన్లు నిశ్శబ్దం మనకు భారంగా ఉంటుంది, ఆ ఖాళీని సలహాతో నింపేస్తాం. నింపకండి.

"ఏం లేదు" అన్నాడనుకోండి. "సరేరా. ఎప్పుడు చెప్పాలనిపించినా అర్ధరాత్రయినా లేపు" అని వదిలేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ కదపండి. మూడోసారో నాలుగోసారో బయటికి రావచ్చు. చెప్పడం మొదలుపెట్టాక "మా రోజుల్లో కిరసనాయిలు దీపం కింద చదివాం", "నీకేం తక్కువ చేశాం?", "ధైర్యంగా ఉండాలి" అనే మూడు మాటలు మింగేయండి. ఆ పూట పరిష్కారం చెప్పడం మీ పని కాదు. "ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావన్నమాట" అన్నా చాలు. ఎవరైనా కొట్టారనో, ఒంటి మీద చెయ్యి వేశారనో చెబితే మాత్రం నమ్మండి, అదే రోజు కాలేజీ నుంచి తీసుకొచ్చేయండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు సాయం చేసే హెల్ప్‌లైన్ నంబరు 1098.

నేరుగా అడగాల్సిన ప్రశ్న

"నేను లేకపోతే మీకే హాయి", "ఇంకెందుకు బతకడం" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, స్నేహితులకు వీడ్కోలు ధోరణిలో మెసేజ్‌లు, వారాల తరబడి కుంగి ఉన్నవాడు ఉన్నట్టుండి ప్రశాంతంగా మారడం కనిపిస్తే సూటిగా అడగాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ? ఎలా చేసుకోవాలని కూడా ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలామంది పిల్లలకు, ఇన్నాళ్లకు ఒకరు అడిగారన్న ఊరటే కలుగుతుంది. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం రావట్లేదు కదా?" అని అడిగితే మాత్రం "లేదు" అన్న జవాబు మీరే అందించినట్టు.

"అవును" అంటే అరవకండి, ఒట్టు వేయించుకోకండి, "మేం ఏమైపోవాలి?" అని ఏడవకండి. "చెప్పినందుకు మంచిపని చేశావు. ఇవాళ్టి నుంచి నిన్ను ఒక్కదాన్నీ వదలం" అనండి. "నాన్నకు చెప్పొద్దు" అని అడిగితే మాటివ్వకండి. ఎవరికి చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో కలిసి అనుకుందాం అనండి.

ఆ రాత్రి చేయాల్సినవి ఇవి. పిల్ల పక్కనే ఎవరో ఒకరు పడుకోవాలి. బాత్రూం గొళ్లెం వేసుకోవద్దని నెమ్మదిగా చెప్పండి. ఇంట్లో ఉన్న పురుగు మందు, గడ్డి మందు, ఎలుకల మందు, తాతయ్య బీపీ, షుగరు మాత్రలతో సహా మొత్తం వేరే ఇంటికి తరలించండి. తాళం కంటే అది నయం, తాళం చెవి ఎక్కడుంటుందో పిల్లలకు తెలుసు. ఈ పని ఎందుకంత ముఖ్యమంటే, ప్రాణం తీసుకోవాలన్న ఆ తీవ్రమైన తోపుడు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే గండం గడిచే అవకాశం బాగా పెరుగుతుంది. వ్యవసాయ కుటుంబాలైతే మందు డబ్బాలు ఇంటి వసారాలో పెట్టే అలవాటే మానుకోవాలి.

తర్వాత 14416కు ఫోను చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ, టెలీ మానస్. డబ్బులు పడవు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్ల మాట్లాడనంటే మీరే మాట్లాడండి, ఇంట్లో ఏం చేయాలో తల్లిదండ్రులకూ చెబుతారు. కలవకపోతే 1800 891 4416.

ఇప్పటికే ఏదైనా మింగేసి ఉంటే 108. ఉప్పునీళ్లు, చింతపండు రసం తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు మందు కంటే ముందు అదే చంపేయవచ్చు. డబ్బా గానీ మాత్రల అట్ట గానీ వెంట తీసుకెళ్లండి, దాన్ని బట్టే వైద్యం. "ఏమీ కాలేదు, బానే ఉన్నా" అన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని విషాలు మొదటి ఒకటి రెండు రోజులు బయటికి ఏమీ కనపడనీయకుండా లోపల కాలేయాన్నో మూత్రపిండాలనో తినేస్తాయి. పోలీసు కేసవుతుందని భయపడి దాచి, ఇంటి దగ్గరి ఆర్‌ఎంపీతో సరిపెట్టకండి. ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

ఏ డాక్టరు, ఏం జరుగుతుంది

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి పైన మానసిక వైద్యం చేసినవారు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, వారం వారం మాట్లాడుతూ ఆలోచనా తీరును, అలవాట్లను సరిచేస్తారు. చచ్చిపోవాలన్న ఆలోచన, తిండి నిద్ర బాగా పోవడం, లేని మాటలు వినపడటం ఉంటే ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి. ప్రైవేటులో ఫీజు భారమైతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రత్యేక మానసిక వైద్యశాలలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అనగానే నవ్వే చుట్టాలు ఉంటారు. వాళ్లకు చెప్పకుండా వెళ్లండి.

వెళ్లేటప్పుడు అర పేజీ రాసుకుని పట్టుకెళ్లండి: మార్పు ఏ నెలలో మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, బరువు ఎంత తగ్గింది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా, ఇప్పుడు వాడుతున్న మందులేమిటి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు రాయవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా ఉండటం కూడా అచ్చం ఇలాంటి నీరసాన్నే తెస్తాయి, ఆడపిల్లల్లో మరీ. డాక్టరు పిల్లతో ఒంటరిగా మాట్లాడతానంటే లేచి బయటికి రండి. లోపల ఏం చెప్పిందని దారిలో ఆరా తీయకండి.

ఈ వయసు డిప్రెషన్‌కు మందు అవసరమైతే ఎక్కువగా మొదట రాసేది ఫ్లూఆక్సెటిన్. అది నిద్రమాత్ర కాదు, అలవాటు పడిపోయే మందూ కాదు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వికారం, నిద్ర పట్టకపోవడం లాంటివి మాత్రం ముందే వస్తాయి. అందుకే పదో రోజున "మందు పడలేదు" అని ఆపేసే ఇళ్లు ఎక్కువ. మొదటి కొన్ని వారాల్లో కొందరు పిల్లల్లో కుదురులేనితనం, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. అలాంటిదేమైనా కనపడితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయాలి. ఆ మొదటి వారాలు హాస్టల్‌కు పంపకుండా ఇంట్లోనే పెట్టుకోండి, మాత్ర రోజూ మీ చేత్తో ఇవ్వండి, అట్ట మీ దగ్గరే ఉంచుకోండి. రెండో తప్పు, బాగయ్యాక చెప్పకుండా మానేయడం. తేరుకున్న తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడించి, మెల్లగా తగ్గిస్తారు. దిష్టి తీయించడం, గుడికి తీసుకెళ్లడం మీ ఇష్టం. మందు ఆపి చేయకండి, అంతే.

కాలేజీతో

వార్డెన్‌కు, ప్రిన్సిపాల్‌కు వ్యాధి పేరు చెప్పాల్సిన పని లేదు. "వైద్యం జరుగుతోంది, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవాలి, రెండు వారాలకోసారి ఓపీకి తీసుకెళ్తాం" అని డాక్టరు సర్టిఫికెట్ జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట వార్డెన్ మారగానే గాలికి పోతుంది.

అడిగే హక్కు ఉందా అని సందేహించక్కర్లేదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో హాస్టల్‌లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం కూడదు. టెలీ మానస్ లాంటి నంబర్లు హాస్టల్ గోడల మీద కనపడేలా రాయాలి. చేర్పించే ముందు క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు ఏసీ గదుల కంటే ముందు ఇవి అడగండి: కౌన్సెలర్ ఏ రోజుల్లో ఉంటారు, పేరేమిటి, పిల్లలు వార్డెన్ అనుమతి లేకుండా కలవొచ్చా? చేరాక మీ పిల్లను టాప్ బ్యాచ్ నుంచి కిందికి దించితే "కష్టపడి మళ్లీ ఎక్కు" అనకండి. కొన్నిసార్లు కింది బ్యాచ్‌లోనే పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది.

మాట్లాడినా మారకపోతే, పిల్ల ఆరోగ్యం దిగజారుతుంటే తీసుకొచ్చేయండి. ఏడాది మధ్యలో ఇంటి దగ్గరి కాలేజీలో డే స్కాలర్‌గా మారడానికి టీసీ, కట్టిన ఫీజు దగ్గర పేచీ పెడతారు. ఆ గొడవ పెద్దవాళ్లు పడండి, పిల్ల చెవిన పడనివ్వకండి.

ఫలితాల రోజు

మిగతా ఏడాదంతా వదిలేసినా ఈ ఒక్క వారం తల్లిదండ్రుల్లో ఒకరు సెలవు పెట్టాలి. ఫలితాలు వచ్చే ముందు రోజు, మార్కులు తెలియకముందే, తప్పితే ఏం చేస్తారో పిల్లకు చెప్పేయండి: "తప్పితే సప్లిమెంటరీ ఉంది, నెలా రెండు నెలల్లో రాయొచ్చు, ఏడాది పోదు. అది పాసై డిగ్రీలో చేరే దారీ ఉంది." ముందు చెబితే నమ్ముతారు. తర్వాత చెబితే ఓదార్పుగా తీసిపారేస్తారు. హాల్‌టికెట్ నంబరు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మార్కులు పిల్లే చూసుకోవాలి, మీరు పక్కన ఉండాలి. చూడగానే మీ మొహం ఎలా ఉంటుందో పిల్ల మొదట అదే చూస్తుంది. ఆ పూట పిల్ల ఫోనుకు వచ్చే అత్తయ్య, మామయ్య కాల్స్ మీరే ఎత్తండి. "పాసైంది" లేదా "సప్లీ రాస్తుంది" అని చెప్పి పెట్టేయండి.

మార్కులు ఊహించిన దానికి బొత్తిగా పొంతన లేకుండా వస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు గడువులోపు దరఖాస్తు చేయండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 వచ్చిన ఒక అమ్మాయికి సున్నా వేశారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ ఫలితాల తర్వాత రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

ఫెయిలైన పిల్లను ఆ రాత్రి, ఆ తర్వాత వారం ఒంటరిగా వదలకండి. నవ్వుతూ తిరుగుతున్నా సరే. సప్లిమెంటరీ ఫీజు గడువు తొందరగా ముగిసిపోతుంది, దాన్ని కట్టే పని మీరు చూసుకోండి. పుస్తకం మళ్లీ తెరవడం మాత్రం రెండు మూడు రోజులు ఆగాకే.